వెలుగు ముందు... చప్పుడు తర్వాత!

2019 జులై 15. అర్ధరాత్రి దాటింది. శ్రీహరికోట గ్యాలరీ నిండా జనం. కళ్లు మూతలు పడుతున్న పిల్లల్ని భుజాన వేసుకుని అమ్మానాన్నలు! తెల్లవారుజామున 2.51కి చంద్రయాన్‌-2 ఎగరాలి. సరిగ్గా 56 నిమిషాల 24 సెకన్ల ముందు కౌంట్‌డౌన్‌ ఆగిపోయింది. సాంకేతిక లోపమట. నిద్ర మానుకుని కూర్చున్న బుజ్జాయికి ఏమని చెబుతారు? 22న మధ్యాహ్నం 2.43కి రాకెట్‌ దిగ్విజయంగా ఎగిరింది. సెలవు పెట్టి వచ్చినవాళ్లంతా మళ్లీ రాగలరా మరి!

అందుకే సూళ్లూరుపేటలో దిగేవాళ్లు రాకెట్‌ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. చలికాలమైతే నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో రాజహంసలు ఉంటాయి. వాటికి కౌంట్‌డౌన్‌ గొడవ లేదు.

రాకెట్‌ ఎగిరిందా... పిల్లల్ని అంకెలు లెక్కపెట్టమనండి. వెలుగు ముందు కనిపిస్తుంది. చప్పుడు మాత్రం కిలోమీటరుకు సుమారు మూడు సెకన్ల చొప్పున ఆలస్యంగా వస్తుంది.