ప్రోసెస్ వదిలేసి ప్రాజెక్టులోకా?

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే, ఆమదాలవలస స్టేషన్‌కి మావాడు బండేసుకుని వచ్చాడు. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే బెంచీ. నేను అందరిలాగే కంప్యూటర్ల వైపు వచ్చేశాను. వాడు కెమికల్ ఇంజనీరింగ్ చదివి, తాగునీటి శుద్ధి ప్లాంట్లు డిజైన్ చేసే ప్రోసెస్ ఇంజనీరయ్యాడు. పన్నెండేళ్లుగా అదే పని. దారిలో టీకొట్టు దగ్గర బండి ఆపి, "ఒరే, నన్ను ప్రాజెక్టు మేనేజరుగా రమ్మంతన్నారు. ఏటి సెయ్యమంటావ్?" అని అడిగాడు.

నేను రెండో ఆలోచన లేకుండా "వద్దురా బాబూ" అనేశాను.

ఎందుకన్నానో మీకు విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా. మన దగ్గర బాగా కోడ్ రాసేవాణ్ణి పట్టుకుని మేనేజర్ని చేస్తారు. ఒక మంచి డెవలపరు పోతాడు, ఒక నాసిరకం మేనేజరు వస్తాడు. నేనూ ఆ బాపతే. కోడ్ రాసి ఆరేళ్లయింది, రోజంతా ఎక్సెల్ గళ్లకి రంగులు మార్చడమే పని. వాడి పనేమో నాకెప్పుడూ ముచ్చటగా ఉండేది. ఆరు గ్లాసు జార్లలో నది నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు పటిక వేసి కలిపి, ఎందులో మడ్డి బాగా కిందికి దిగుతుందో చూస్తారు. జార్ టెస్ట్ అంటారు. వానాకాలం నదికి వరదొచ్చి నీళ్లు ఎర్రగా మారితే మోతాదు మళ్లీ చూసుకోవాలి. అలాంటి పని వదిలేసి మీటింగులకెవడు పోతాడు?

వాడు వాదించలేదు. టీ తాగేసి ఓ కథ చెప్పాడు.

కొన్నేళ్ల క్రితం ఒక పల్లెలో చిన్న ఆర్వో ప్లాంటు పెట్టారు. (ఏ కంపెనీ, ఏ ఊరు అన్నది వద్దులెండి.) డిజైన్ మావాడిదే. బోరు నీళ్లలో ఏముందో పరీక్ష చేయించి, మెంబ్రేన్లు పాడవకుండా ముందు ఏ ఫిల్టరు ఉండాలి, దాన్ని ఎన్నాళ్లకోసారి మార్చాలి, ఏ మందు ఎంత కలపాలి అన్నీ రాసిచ్చాడు. ప్రారంభోత్సవం జరిగింది, కొబ్బరికాయ కొట్టారు, ఫోటోలు దిగారు. ఏడాది తిరక్కుండా ప్లాంటు మూతపడింది. వెళ్లి చూస్తే ముందు ఫిల్టరు ఒక్కసారి కూడా మార్చలేదు, మెంబ్రేన్లు గారపట్టిపోయాయి. నడిపే కుర్రాడికి జీతం లేక మానేశాడు. ఆరా తీస్తే తేలిందేంటంటే, ఖర్చు తగ్గించే మీటింగులో నిర్వహణ పద్దు మొత్తం కొట్టేశారు. "ఆ మీటింగులో ప్రోసెస్ తెలిసినోడు ఒక్కడూ లేడురా. నేను లేబులో జార్లు కడుక్కుంతన్నాను," అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. తిరిగొచ్చాక చాలా రోజులు ఆలోచించి, నా సలహా తప్పని ఒప్పేసుకున్నాను. ఎందుకో చెప్తాను.

మా జిల్లాలోని ఉద్దానాన్నే తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో తెలుగువాళ్లకి కొత్తగా చెప్పనక్కర్లేదు. నీటిలోని సిలికానా, భార లోహాలా, పురుగుమందులా, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా చేసే పనా, నొప్పి మాత్రలా అని ఎంతోమంది వెతికారు, కానీ ఇదే కారణమని తేల్చి చెప్పలేకపోయారు. కారణం తేలేదాకా జనం దాహం ఆగదు కదా. 2017లో ఆర్వో ప్లాంట్లు వచ్చాయి. తర్వాత హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకానికి 2019 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. 807 గ్రామాలకి నీళ్లివ్వాలని లెక్క. 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఏ ప్రభుత్వం గొప్పది అన్న గొడవ నాకొద్దు, నేను చెప్పేది వేరే.

ఇందులో నీటిని శుద్ధి చేయడం కొత్త విద్యేమీ కాదు. పటిక, ఇసుక ఫిల్టరు, క్లోరిన్. నూరేళ్ల పైబడి ప్రపంచమంతా చేస్తున్నదే. కష్టమంతా మిగతాదాంట్లో ఉంది. మ్యాపు తీసి చూడండి. హిరమండలం కొండల వైపు, కవిటి సముద్రం వైపు. మధ్యలో హౌరా–చెన్నై రైలు మార్గం, జాతీయ రహదారి నిలువునా పోతాయి. పైపు ఆ రెండింటినీ దాటాల్సిందే, అంటే రెండు శాఖల అనుమతులు. తర్వాత కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఇక్కడే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేక, తాగునీటి పథకాలకి జనరేటర్లు పెట్టుకోవాల్సి వచ్చింది. మనం డిజాస్టర్ రికవరీ అని స్లైడ్లు వేసుకుంటాం కదా, అక్కడ దాని అర్థం బిందెడు నీళ్లు.

ఇంకో ఉదాహరణ జంఝావతి. కొమరాడ మండలంలో (అప్పుడు విజయనగరం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా) 2006 జనవరి 1న రబ్బరు డ్యాం ప్రారంభించారు. నింపితే లేచి నీళ్లాపుతుంది, ఖాళీ చేస్తే పడుకుంటుంది. ఇంజనీర్లు మెచ్చుకునే తెలివే. అసలది ఎందుకు కట్టాల్సి వచ్చింది? ముంపు విషయంలో ఒడిశాతో పేచీ తేలక. అనుకున్న ఆయకట్టులో ఆ డ్యాం తడిపింది కొంత భాగమే. తెలివి అక్కడిదాకా తీసుకెళ్లింది, మిగతాది రెండు రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకుంటే తప్ప తెమలదు.

"సరే, అలాంటి పనులకి సివిల్ వాళ్లో, ఎంబీయే వాళ్లో ఉన్నారుగా, ప్రోసెస్ వాడే ఎందుకు?" అంటారేమో. ఇక్కడే నా అసలు పాయింటు. మేనేజరు చేతిలో ఉండే అతి పెద్ద అధికారం "అయిపోయింది" అనే మాట. కిలోమీటర్లు తెలిసినవాడికి పైపు వేసేస్తే అయిపోయినట్టు. నీళ్లు తెలిసినవాడికి, చిట్టచివరి ఇంటి కుళాయి దగ్గర కూడా లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలుంటేనే అయిపోయినట్టు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో మనిషికి రోజుకి 55 లీటర్లు అన్నారు. కుళాయి బిగించడం, ఆ 55 లీటర్లు రోజూ రావడం ఒకటి కాదు. మనం రిలీజ్ రోజు కేకు కోసుకుని, ప్రొడక్షన్‌ని సపోర్టు వాళ్ల మొహాన కొట్టి వెళ్లిపోతాం చూడండి, అదే రోగం. తేడా ఏంటంటే, ఇక్కడ బగ్ తాగేది మనుషులు.

అలాగని ప్రోసెస్ తెలిస్తే చాలదు. మావాడికి నేను మూడు మాటలు చెప్పాను. ఒకటి, మేనేజరయ్యాక కూడా డోసింగ్ పంపు దగ్గర నిలబడి కిందివాడి పని చెయ్యకు, నేను చేసి చెడిపోయిన పని అదే. రెండు, అనుమతి కోసం ఆఫీసు వరండాలో కూర్చోవడం నామోషీ అనుకోకు, ఇకమీదట నీ లేబు అదే. మూడు, నడిపే మనిషి జీతం, మార్చే ఫిల్టరు ఖర్చు లేని అంచనా మీద సంతకం పెట్టకు.

నష్టం లేదనను. చేతిలోని విద్య తుప్పుపడుతుంది, నాకు తెలుసు. జీతం పెరిగినా నిద్ర తగ్గుతుంది. ఫైలు మీద ఫైలు, పేచీ మీద పేచీ. కానీ ఆ కుర్చీ ఖాళీగా ఉండదు కదండీ. మనం కూర్చోకపోతే, ఫిల్టరు ఎందుకు మార్చాలో తెలియనివాడు కూర్చుని ఆ పద్దు కొట్టేస్తాడు.

మావాడు చేరిపోయాడు. పోయిన వారం ఫోన్ చేస్తే రైల్వే ఆఫీసు వరండాలో ఉన్నాడు. "జార్లు కడిగి మూడు నెల్లయిందిరా," అని కాస్త దిగులుగా అన్నాడు. ఐదేళ్ల నిర్వహణ ఖర్చు అంచనాలో పెట్టాడట, పైవాళ్లు ఇంకా ఒప్పుకోలేదు. కొట్టేస్తారా అంటే, "ఈసారి మీటింగులో నేనుంతాను కదా," అన్నాడు.

మీలో ఎంతమంది ఇలా పని వదిలి కుర్చీలోకి మారారో, మారి ఏం చేయగలిగారో చెప్తే వినాలనుంది.