మనూరి ఆటగాడెవరు?

పోయిన వేసవి సెలవుల్లో చికిటి దగ్గర మా యువజన సంఘాలు కలిసి ఫుట్‌బాల్ పోటీలు పెట్టాయి. నిబంధనల కాగితంలో "స్థానికులు మాత్రమే" అని ఒక మాట ఉంది. దాన్ని ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో మాలో ఎవరికీ గుర్తు లేదు. ఏటా పాత కాగితాన్నే జిరాక్స్ తీయిస్తూ వస్తున్నాం.

సెమీఫైనల్ మొదలవబోతుండగా అవతలి జట్టు పెద్దలు ఒక పిల్లవాడి మీద అభ్యంతరం చెప్పారు. వాడికి పదిహేనేళ్ళు. పుట్టింది సూరత్‌లో, తండ్రి అక్కడ పవర్‌లూమ్ మగ్గం మీద పని చేస్తాడు. సెలవులకు అవ్వ దగ్గరికి వచ్చాడు. ఇంట్లో తెలుగు, ఇక్కడి వీధిలో ఒడియా, అక్కడి బడిలో గుజరాతీ. "నీదే ఊరురా?" అని అడిగాం. "సూరత్తండి" అన్నాడు. వెంటనే నాలిక కరుచుకుని, "కాదండి, చికిటేనండి" అన్నాడు. ఆ తడబాటు చాలు కదా పెద్దలకు! గంటసేపు వాదించుకుని చివరికి వాణ్ణి గీత అవతల కూర్చోబెట్టాం. అలా కూర్చోబెట్టిన వాళ్ళలో ఈ వ్యాసం రాస్తున్న మేమూ ఉన్నాం.

వాడు తొడుక్కున్నది బార్సిలోనా జెర్సీ. వీపు మీద పదో నంబరు, యామల్ పేరు.

యామల్ ఎవరో మన పిల్లలకు చెప్పక్కర్లేదు, పెద్దల కోసం చెబుతున్నాం. లమీన్ యామల్ 2007 జూలై 13న స్పెయిన్‌లోని బార్సిలోనా పక్కన పుట్టాడు. తండ్రిది మొరాకో, తల్లిది ఈక్వటోరియల్ గినీ. కాబట్టి అతనికి మూడు దేశాల తరఫున ఆడే దారి ఉండేది. మొరాకో గట్టిగానే పిలిచింది. అతను స్పెయిన్‌ను ఎంచుకున్నాడు. 2023 సెప్టెంబరులో, పదహారేళ్ళ వయసులో, జార్జియా మీద తొలి మ్యాచ్ ఆడి గోల్ కొట్టాడు. 2024 యూరో కప్ ఫైనల్ నాటికి అతనికి పదిహేడు నిండి ఒక్క రోజు. ఆ కప్పు స్పెయిన్ గెలిచింది. గోల్ కొట్టాక ఎన్నోసార్లు వేళ్ళతో 304 అని చూపించాడు. అది తాను పెరిగిన రొకాఫొండా అనే పేద వాడ పిన్‌కోడ్‌లోని చివరి మూడంకెలు. మూడు దేశాలు నీ ఊరేదని అడుగుతుంటే, ఆ కుర్రాడు తన వీధి నంబరు చూపిస్తున్నాడు.

"వాడు మొరాకోకి ద్రోహం చేశాడు" అని కొందరంటారు. "వాడు అసలు స్పెయిన్ వాడేనా?" అని ఇంకొందరంటారు. ఇలాంటి ఆటగాళ్ళందరి బతుకూ ఈ రెండు మాటల మధ్యే నలుగుతుంది. మా ఉద్దేశంలో ఆ రెండు ప్రశ్నలూ తప్పే. ఆటగాడు ఏ దేశాన్ని ప్రేమిస్తున్నాడని కాదు, ఆ దేశం అతన్ని ఏ షరతు మీద తనవాడంటున్నదని అడగాలి. ఇది మన తెలుగు బిడ్డ ఒకడి కథలో బాగా కనిపిస్తుంది.

వికాష్ దొరసూ పేరు మన యువతలో ఎక్కువమంది విని ఉండరు. తెలుగు చెవికి ఆ ఇంటిపేరులో "దొర" వినబడక మానదు. కానీ ఆయన పూర్వికులు దొరలు కారు, కూలీలుగా సముద్రం దాటిన జనం. 1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలను ఓడల్లో ఎక్కించిన కాలంలో మన ఉత్తర కోస్తా నుంచీ మనుషులు వెళ్ళారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళను కోరంగీలని పిలిచారు. ఆ వంశంలోని దంపతులు తరువాతి కాలంలో మారిషస్ నుంచి ఫ్రాన్స్ చేరారు. 1973 అక్టోబరు 10న ల్హావ్ర్ రేవు పట్టణం పక్కన ఆర్ఫ్లర్‌లో వికాష్ పుట్టాడు.

తల్లిదండ్రుల వైపు నుంచి మారిషస్, పుట్టుక వైపు నుంచి ఫ్రాన్స్. ల్హావ్ర్ క్లబ్‌లో ఎదిగిన ఆ కుర్రాడు ఫ్రాన్స్ జెర్సీ వేసుకున్నాడు. ఇందులో ద్రోహమేముంది? ఆట నేర్పింది ఆ ఊరు, జీతమిచ్చింది ఆ క్లబ్బు. 1999లో ఫ్రాన్స్ జట్టులో తొలి మ్యాచ్ ఆడాడు, మొత్తం 18 మ్యాచ్‌లు ఆడాడు. లియోన్ క్లబ్‌తో 2003లో, 2004లో ఫ్రెంచ్ లీగ్ గెలిచాడు. తర్వాత ఇటలీలో ఏసీ మిలాన్. 2005లో ఇస్తాంబుల్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో మిలాన్ బెంచీ మీద కూర్చున్నాడు. మూడు గోళ్ళ ఆధిక్యం పోగొట్టుకుని మిలాన్ ఓడిపోయిన ఆ రాత్రి సంగతి మన ఫుట్‌బాల్ పిచ్చోళ్ళందరికీ తెలుసు. 2006 ఏప్రిల్‌లో పారిస్ జట్టు పీఎస్‌జీ తరఫున ఫ్రెంచ్ కప్ ఫైనల్‌లో, చిరకాల శత్రువు మార్సేయ్ మీద, దూరం నుంచి కొట్టిన బంతి గోల్‌లో పడింది. కప్పు తెచ్చింది ఆ గోలే.

అదే ఏడు ప్రపంచ కప్‌కు ఎంపికయ్యాడు. ప్రపంచ కప్ ఆడిన తొలి భారత సంతతి ఆటగాడని మన పత్రికలు కూడా సంబరపడ్డాయి. కానీ ఆయన ఆడింది ఎంతసేపు? స్విట్జర్లాండ్ మీద, దక్షిణ కొరియా మీద చివర్లో దిగి, రెండూ కలిపి పదహారు నిమిషాలు. మిగతా టోర్నీ అంతా బెంచీయే. ఫ్రాన్స్ ఫైనల్ దాకా వెళ్ళి ఇటలీ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. ఆ నెల రోజులూ ఆయన హోటల్ గదిలో ఒక చిన్న సూపర్-8 కెమెరాతో తనను తాను చిత్రీకరించుకున్నాడు. ఫ్రెడ్ పూలే అనే మిత్రుడితో కలిసి దాన్ని "సబ్‌స్టిట్యూట్" అనే సినిమాగా తీశాడు. ఆటలో ఉండి కూడా ఆటలో లేనివాడి ఒంటరితనం అది. తోటి ఆటగాళ్ళలో కొందరికి నచ్చలేదు. ఆ అక్టోబరులో, కోచ్‌ను బాహాటంగా విమర్శించాక, పీఎస్‌జీ ఆయన్ను ఉద్యోగం నుంచి తీసేసింది. తర్వాత ఇటలీలో లివోర్నో క్లబ్‌లో చేరినా ఆట సాగలేదు, విరమించుకున్నాడు.

రంగు చూసి బెంచీ మీద కూర్చోబెట్టారని మేము అనడం లేదు. ఆ స్థానంలో జిదాన్, వియెరా, మకెలెలే ఉన్నారు మరి! జిదాన్ తల్లిదండ్రులది అల్జీరియా. వియెరా పుట్టింది సెనెగల్. మకెలెలే పుట్టింది కిన్షాసా. ఆ జట్టే వలసల జట్టు. మేము చెప్పేది వేరు. గెలిచినంత కాలం ఫ్రాన్స్ ఆ జట్టును తన ముఖమని చూపించుకుంది. ఓడగానే ఏం చేసిందో 2010 తర్వాత చూశాం.

2010 ప్రపంచ కప్‌లో ఫ్రాన్స్ ఘోరంగా విఫలమైంది, ఆటగాళ్ళు సాధనకే నిరాకరించారు. ఆ ఏడు నవంబరులో ఫ్రెంచ్ సమాఖ్య పెద్దలు తలుపులు మూసుకుని ఒక మాట మాట్లాడుకున్నారు: శిక్షణ కేంద్రాల్లో రెండు దేశాలకు ఆడే అర్హత ఉన్న పిల్లల సంఖ్యకు పరిమితి పెడితే ఎలా ఉంటుంది? మనం తర్ఫీదిస్తే వాళ్ళు పోయి ఆఫ్రికా దేశాలకు ఆడుతున్నారట. ఆ సమావేశంలో ఉన్న ఒక ఉద్యోగి ఆ సంభాషణను రికార్డు చేశాడు. 2011 ఏప్రిల్‌లో మీడియాపార్ట్ అనే పత్రిక దాన్ని బయటపెట్టింది. దేశం ఉలిక్కిపడింది. విచారణ జరిగింది, పరిమితి అమలు కాలేదు. అయినా ఆ మాట పన్నెండు, పదమూడేళ్ళ పిల్లల గురించి అన్నది. వాళ్ళు అప్పటికి ఏ దేశాన్నీ కాదనలేదు, ఏ దేశాన్నీ ఔననలేదు. తాత పుట్టిన ఊరే వాళ్ళ మీద అనుమానమైపోయింది.

నిబంధనలు కూడా ఆటగాడి మనసు చూసి రాసినవి కావు. మునీర్ ఎల్ హద్దాదీ అనే కుర్రాడు 2014లో, పందొమ్మిదేళ్ళ వయసులో, స్పెయిన్ తరఫున పోటీ మ్యాచ్‌లో ఓ పదమూడు నిమిషాలు ఆడాడు. స్పెయిన్ మళ్ళీ పిలవలేదు. తండ్రి దేశమైన మొరాకోకు ఆడతానంటే, ఆ పదమూడు నిమిషాల వల్ల కుదరదన్నారు. క్రీడా న్యాయస్థానానికి వెళ్ళినా ఓడిపోయాడు. 2020లో ఫిఫా నిబంధన సడలించింది: ఇరవై ఒకటి నిండకముందు మూడుకు మించకుండా ఆడి, ఆ తర్వాత మూడేళ్ళు గడిస్తే, ప్రపంచ కప్ వంటి ప్రధాన టోర్నీలో ఆడి ఉండకపోతే, ఒక్కసారి మారవచ్చు. అలా 2021లో అతను మొరాకోకు ఆడాడు. 2022 ప్రపంచ కప్‌లో మొరాకో సెమీఫైనల్ చేరినప్పుడు, ఆ జట్టు 26 మందిలో 14 మంది వేరే దేశాల్లో పుట్టినవాళ్ళే. ప్రవాసుల బిడ్డలను ద్రోహులనకుండా రండి అని పిలిచిన దేశానికి అందిన ఫలమది.

ఇందులో మోసాలు లేవని చెప్పం. 2025 సెప్టెంబరులో, అవ్వతాతలు మలేషియాలో పుట్టినట్టు తప్పుడు పత్రాలు చూపారని ఫిఫా ఏడుగురు ఆటగాళ్ళను ఏడాదిపాటు నిషేధించింది. డబ్బున్న సమాఖ్యలు పాస్‌పోర్టులను సరుకులా వాడుకుంటాయన్న భయం నిజమే. పరిమితి ఉండాలి. కానీ ఆ పరిమితి సమాఖ్యల మీద, దళారుల మీద బిగియాలి కాని, రెండిళ్ళ మధ్య పుట్టిన పిల్లల మీద కాదు.

మన దేశం సంగతి? భారత రాజ్యాంగం, పౌరసత్వ చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోవు. 2008 డిసెంబరు నుంచి భారత పాస్‌పోర్టు ఉన్నవారే దేశం తరఫున ఆడాలని కేంద్రం తేల్చింది. విదేశీ పాస్‌పోర్టుతో డేవిస్ కప్‌లో మనకు ఆడిన ప్రకాష్ అమృతరాజ్ వంటివారికి దాంతో తలుపు మూసుకుంది. జపాన్‌లో పుట్టిన ఇజుమి అరాటా జపాన్ పౌరసత్వం వదులుకుని 2013లో మన జట్టులోకి వచ్చాడు. రయన్ విలియమ్స్ 2025లో ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదిలి భారత పౌరుడయ్యాడు. తల్లిని ఎంచుకోవాలంటే తండ్రిని కాదనాలన్నట్టుంది ఈ పద్ధతి. నూట నలభై కోట్ల జనం ఉన్న దేశానికి పరాయి ఆటగాళ్ళెందుకని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే గంజాంలో, శ్రీకాకుళంలో పిల్లలకు సరైన మైదానం కట్టించాక ఆ ప్రశ్న అడిగితే ఇంకా బాగుంటుంది.

పై వర్గాల వాళ్ళకు రెండు మూడు దేశాల అర్హత ఉంటే, మన పేదలకు సొంత దేశంలోనే ఒక్క చోటా అర్హత ఉండదు. ఆంధ్రలో ఎస్టీగా గుర్తింపు ఉన్న ఒక కుటుంబం తండ్రి ఉద్యోగం మీద బొంబాయి వెళితే, కొడుక్కి అక్కడి మెడికల్ కాలేజీలో ఆ కోటా వర్తించదని 1990లో సుప్రీంకోర్టు మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. రాష్ట్రం దాటితే గుర్తింపు వెంట రాదు. ఇక మన దళిత క్రైస్తవులకు రాష్ట్రం దాటనవసరం కూడా లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ప్రభువును నమ్ముకోగానే ఎస్సీ జాబితా నుంచి పేరు పోతుంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ జాబితాలోకి తీసుకున్నారు, మనం ఇంకా బెంచీ మీదే ఉన్నాం. 1936 ఏప్రిల్ 1న గీత గీసి గంజాంను ఒడిషాలో కలిపినప్పటి నుంచి ఇక్కడి తెలుగువాడికి "మీరు ఆంధ్రావాళ్ళా?" అన్న ప్రశ్న ఈవైపునా, "మీరు ఒడిషావాళ్ళు కదా?" అన్న మాట ఇచ్ఛాపురం దాటాక ఆవైపునా వినబడుతూనే ఉంది.

పౌలు సంగతి గుర్తు చేసుకుందాం. యూదుడు, తార్సు పట్టణపు పౌరుడు, పుట్టుకతో రోమా పౌరుడు. కొరడా దెబ్బలకు కట్టినప్పుడు ఆయన రోమా పౌరసత్వాన్ని బయటకు తీశాడు. అక్కడి అధికారి తన పౌరసత్వాన్ని చాలా డబ్బు పెట్టి కొనుక్కున్నానన్నాడు. ఆ ఇద్దరిలో ఎవరు నిజమైన రోమీయుడని మన బైబిల్ తరగతుల్లో ఎవరూ అడగరు. పౌలు దేశభక్తిని శంకించరు. కానీ పరలోక పౌరసత్వం మీద ఆదివారం ప్రసంగించే మనమే శనివారం ఆటస్థలంలో స్థానిక పత్రం అడిగాం.

ఆ సూరత్ పిల్లవాడు సెలవులయ్యాక బరంపురంలో రైలెక్కి వెళ్ళిపోయాడు. వాడి తండ్రి మగ్గం ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది, అందుకే వాళ్ళు అక్కడుంటున్నారు. నూటతొంభై ఏళ్ళ కిందట ఓడలెక్కినవాళ్ళు వెళ్ళింది కూడా అందుకే. దొరసూ ఆట మానేశాక 2011లో, ఆటను గెలుపోటముల పిచ్చి నుంచి విడిపించి అందరికీ ఆనందంగా చేయాలని తతాన్ అనే సంఘాన్ని మిత్రులతో కలిసి ప్రారంభించాడు. 2020లో పారిస్ పురపాలక ఎన్నికల్లోనూ నిలబడ్డాడు. ఆ రెండూ బెంచీ మీద కూర్చున్నవాడికి తోచే ఆలోచనలే అనిపిస్తుంది మాకు.

ఈ ఏడు పోటీల కాగితం మార్చమని మా సంఘంలో అడిగాం. "స్థానికులు మాత్రమే" అన్న మాట కొట్టేసి, ఆ జట్టు పిల్లలతో కలిసి సాధన చేసినవాడెవడైనా ఆడవచ్చని రాయమన్నాం. ఇద్దరు పెద్దలు ఇంకా ఒప్పుకోలేదు. బయటి నుంచి డబ్బిచ్చి ఆటగాళ్ళను తెస్తారని వాళ్ళ భయం. అది నిజమే, ఒకసారి జరిగింది కూడా. అందుకని ఒక షరతు చేర్చాం: డబ్బు తీసుకుని ఆడినట్టు తేలితే జట్టు మొత్తం బయటికి. పిల్లవాడి ఊరు మాత్రం ఎవరూ అడగరాదు. వచ్చే నెల కూడికలో ఓటుకు పెడుతున్నాం. మీ ఊళ్ళ పోటీల్లో ఇలాంటి నిబంధన ఉంటే, దాన్ని మీరేం చేశారో మాకు రాయండి.