బాషీబొజూకు సిపాయికి ఏ రంగు వేయాలి?



ఉదయగిరి నుండి ఒక తండ్రిగారు ఉత్తరం రాశారు. వారి ఇంట చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే పని తరతరాలుగా సాగుతున్నది. పదమూడేళ్ల కుమారుడు మిగిలిన నర్ది చెక్క ముక్కలతో వేలెడంత ఉస్మానీ సిపాయిలను పన్నెండింటిని మలిచాడట. తుర్కీ ధారావాహికల ప్రభావం కాబోలు. అవి ‘బాషీబొజూకు’ దళమని, అందరికీ పచ్చని తలపాగా, నల్లని అంగీ, నడుమున ఎర్రని పట్టీ వేస్తానని అంటున్నాడట. “ఇది సరియేనా? ఇస్లాం గాజీలను తప్పు రంగులలో చూపరాదు కదా” అని ఆ తండ్రి ప్రశ్న.

బొమ్మల విషయం ముందుగా రెండు మాటలలో ముగిస్తాను. హజ్రత్ ఆయిషా (రజి) బాల్యంలో బొమ్మలతో ఆడుకున్నారని, వాటిలో రెక్కల గుర్రం ఒకటి ఉండేదని హదీసులలో ఉన్నది. పిల్లల ఆటబొమ్మను అనేకులైన ఉలమా దీని ఆధారంగానే అనుమతించారు. అలంకారానికి అల్మారాలో నిలిపే ప్రతిమ సంగతి వేరు. దానిపై భేదాభిప్రాయాలు ఉన్నవి, మీ మస్జిద్ ఇమాము గారిని అడిగి తెలుసుకోండి. ఇక్కడ నేను దుస్తుల గురించి మాత్రమే రాస్తున్నాను.

‘బాష్’ అనగా తల, ‘బొజుక్’ అనగా చెడినది, క్రమం తప్పినది. జీతమూ, నియమిత దుస్తులూ లేక, తన గుర్రం, తన కత్తి, తన తుపాకి తానే తెచ్చుకొని యుద్ధకాలంలో చేరే వానికి ఆ పేరు. క్రమబద్ధమైన సైన్యాన్ని ‘నిజామియ్యా’ అన్నారు. నిజామ్ అనగానే క్రమమని మనకు తెలుసు. కనుక, అబ్బాయీ, నీ పన్నెండుగురికీ ఒకే రంగు వేస్తే వారు బాషీబొజూకులు కారు, నిజామియ్యా అవుతారు. ఏ ఇద్దరికీ ఒకే రంగు కుదరకూడదు. అసలు కిటుకు ఇదే.

1826లో సుల్తాన్ రెండవ మహమూద్ యనిచరీ దళాన్ని రద్దు చేసి, కొత్త సైన్యాన్ని నిలిపి, 1829 శాసనంతో ఉద్యోగులకు ఎర్ర ఫెజ్ టోపీని విధించాడు. మన పెద్దల పాత ఛాయాచిత్రాలలో కనిపించే రూమీ టోపీ అదే. ఈ నియమం బాషీబొజూకులను కట్టివేయలేదు. వారు ఏ ప్రాంతం నుండి వస్తే ఆ ప్రాంతపు ఉడుపులోనే వచ్చారు. పశ్చిమ అనతోలియా జైబెక్కులకు మోకాళ్లు కనిపించే పొట్టి సర్వాలు, ఎత్తైన టోపీ చుట్టూ అద్దకపు రుమాళ్లు, ఛాతీ వరకు ఎక్కే వెడల్పాటి నడికట్టు, అందులో దోపిన యాతగాన్ కత్తి. అల్బేనియా వారికి కుచ్చుల తెల్లని పావడా వంటి వస్త్రం, దానిపై కుట్టుపని చేసిన చేతుల్లేని కోటు. 1864 తరువాత రష్యా నుండి వలస వచ్చిన సర్కాసియనులకు పొడవాటి అంగీ, ఛాతీపై తూటాల గొట్టాల వరుస, బొచ్చు టోపీ. ఈ ముగ్గురినీ పక్కపక్కన నిలిపితే ఒకే సైన్యమని ఎవరూ అనుకోరు.

పచ్చ తలపాగా సంగతి. ఉస్మానీ రాజ్యంలో అది ప్రవక్త (స) వంశీకులైన సయ్యదుల గుర్తు. ప్రతి సిపాయి తలపైనా దానిని పెట్టుట అబద్ధం. పన్నెండుగురిలో ఒక్కరికి చాలు. నెలవంకనూ, నక్షత్రాన్నీ తలపాగాపై గీయవద్దు.

ఎరుపు విషయంలో మన సీమ వారికి చెప్పవలసినది ఎక్కువ ఉన్నది. వారి ఎరుపు మంజిష్ఠ జాతి వేరు నుండి వచ్చేది. అదే ఎరుపును మన కోరమండల్ తీరంలో చిరివేరుతో తీశారు, మచిలీపట్నం కలంకారీలో చూడవచ్చు. అది కుంకుమ ఎరుపు కాదు. కొత్తలో దట్టమైన ఇటుక రంగు, ఎండకు లేత గులాబీ మట్టి రంగు. నీలం నీలిమందుది. కడప సీమలో ఒకప్పుడు విరివిగా పండిన పంటయే అది. గోధుమ రంగు అక్రోటు పెంకుది, తెలుపు రంగు వేయని ఉన్నిది. కృత్రిమ రంగులకు ఆద్యమైన ఊదా రంగు 1856లో గాని పుట్టలేదు. కనుక క్రిమియా యుద్ధపు సిపాయికి మిరుమిట్లు గొలిపే ఊదా వేస్తే చరిత్ర ఒప్పదు. రంగులో కొంచెం మట్టి రంగు కలుపు. వారు గుడారాలలో, దుమ్ములో బతికిన మనుషులు.

చిత్రాలను చూసి నేర్చుకుంటానంటే జాగ్రత్త. ఫ్రెంచి చిత్రకారుడు జెరోమ్ 1868–69 ప్రాంతంలో గీసిన బాషీబొజూకు చిత్రం ప్రసిద్ధం. పట్టు వస్త్రం మెరుపు దానిలో అద్భుతం. కాని ఆయన తూర్పు దేశాల యాత్రలో కొని తెచ్చుకున్న బట్టలను పారిస్‌లోని తన గదిలో ఒక మనిషికి తొడిగి దానిని గీశాడు. దానికన్నా 1873లో వియన్నా ప్రదర్శన కోసం ఉస్మానీ ప్రభుత్వమే ప్రచురించిన ‘ఎల్బిసె-ఇ ఉస్మానియ్యె’ ఛాయాచిత్రాలు మేలు. వాటిలోనూ తొడిగి నిలిపినవారే ఉన్నారు, రంగులూ లేవు. అయినా కోత, కట్టు తెలుస్తవి.

మన దక్కనుకూ వీరికీ ఒక సంబంధం ఉన్నది. 1848లో నిజాం అశ్వదళానికి నాయకుడైన బీట్సన్ అనే ఆంగ్లేయ అధికారియే, క్రిమియా యుద్ధంలో దార్దనెల్లెస్ వద్ద బాషీబొజూకుల దళాన్ని నడిపాడు. తన గుర్రం తానే తెచ్చుకునే సిలేదారీ పద్ధతి ఆయనకు ఇక్కడ పరిచయమైనదే. హైదరాబాదు అరబ్బు సిపాయిలను ‘చావుష్’ అంటాము. ఆ మాటయూ తుర్కీ సైన్యపు మాటయే. లుంగీ, నడుమున వంకర జంబియా కత్తి, చేతిలో తుపాకి: బార్కస్ పెద్దల జ్ఞాపకాలలోని ఆ రూపం కూడా నియమిత దుస్తులు లేని సిపాయిదే. పన్నెండుగురి పక్కన పదమూడవ వానిగా ఒక చావుష్‌ను చెక్కమని అబ్బాయికి నా సలహా.

ఇక తండ్రిగారి మాట. ‘ఇస్లాం గాజీలు’ అన్నారు. జనాబ్, ఆ మాటను ఇక్కడ వాడకండి. జీతం లేని సైన్యం దోపిడీపై బతుకుతుంది. 1876లో బల్గేరియాలోని బటాక్ ఊరిలో బాషీబొజూకులు స్త్రీలను, పిల్లలను సైతం వదలక వేల సంఖ్యలో జనాన్ని చంపారు. సైన్యాన్ని పంపుతూ స్త్రీలను, పసివారిని, వృద్ధులను చంపవద్దని, పండ్ల చెట్లు నరకవద్దని ఆజ్ఞాపించిన హజ్రత్ అబూబకర్ (రజి) కొలతతో కొలిస్తే ఈ పని ఏ పేరుతోనూ నిలువదు. శత్రువులు రాసిన కథ అని కొందరు కొట్టివేస్తారు. అంకెలపై వాదం ఉండవచ్చు, ఘోరం జరగలేదనుటకు వీలు లేదు. పదమూడేళ్ల బాలునికి యాతగాన్ పిడి రంగు చెప్పగలిగిన మనం ఈ సంగతి కూడా చెప్పగలం. వాడు విని, బొమ్మలను పారవేయనక్కరలేదు.

చివరిగా పని విషయం. మీ నగిషీ సామానుకు రంగు పూయరు, చెక్క సహజ వర్ణమే దాని అందం. బొమ్మల ముఖాలను, చేతులను అలాగే విడిచి, దుస్తులకు మాత్రమే రంగు వేయండి. మొదట అడుగుపూత పలుచగా వేసి, పూర్తిగా ఆరిన తరువాతనే రెండవది. నడికట్టు చారలను అన్నిటికన్నా చివర, ఒంటి వెంట్రుక కుంచెతో.