సంఘం బండి ఇంజిన్ విప్పే ముందు ఒక్క మాట



పోయిన ఆదివారం మీటింగులో మన సంఘం ఓమ్నీ గురించి గంటన్నర వాదించుకున్నాం, ఏదీ తేల్చకుండానే ఇళ్లకు పోయాం. బండి 2011 నాటిది, మీటరు 1,80,000 కిలోమీటర్లు దాటింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ, కాసేపటికి తగ్గుతుంది. పికప్ కూడా మునుపటిలా లేదు. ఇంజిన్ దింపించేయాలని కొందరు, అమ్మేయాలని కొందరు, సీసాడు మందు పోస్తే కొత్తదైపోతుందని మరికొందరు అన్నారు.

బరంపురంలో ఈ బండి మనకేమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. రాత్రిపూట పెద్దవాళ్లను మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లేది ఇదే. పిల్లలను పరీక్షలకు విశాఖ దాకా దింపి వచ్చేదీ ఇదే. ఇంజిన్ పనికి పోయే ప్రతి రూపాయీ పిల్లల ఫీజుల నిధిలోంచే పోవాలి. అందుకే మా అభిప్రాయం రాసి పెడుతున్నాం.

మేము అనేది ఇదీ: ముందు పరీక్ష, తర్వాత ఓపికగా శుభ్రం, అప్పటికీ కాకపోతేనే విప్పడం.

పరీక్ష అంటే పొగ చూసి తలూపడం కాదు. ప్లగ్గులు తీయించి, మూడు సిలిండర్లకూ గేజీ పెట్టించి కంప్రెషన్ కొలిపిద్దాం. మూడూ దగ్గర దగ్గరగా, కంపెనీ చెప్పిన హద్దులో ఉంటే లోపల ఇంకా సత్తా ఉన్నట్టే. ఒకటి తగ్గితే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. రీడింగ్ పెరిగితే రింగులు అరిగాయని, పెరగకపోతే లోపం వాల్వులదో, హెడ్ గాస్కెట్‌దో అని అర్థం. స్టార్ట్ చేసినప్పుడే నీలం పొగ వచ్చి ఆగిపోతే ఎక్కువగా వాల్వ్ సీళ్లు గట్టిపడి ఉంటాయి. దానికోసం మొత్తం ఇంజిన్ దింపనక్కర్లేదు.

ఇక సీసా మందు. పాత ఆయిల్‌లో దాన్ని కలిపి, పది పదిహేను నిమిషాలు బండిని నిలిపి ఆడించి, ఆయిల్ దించేస్తారు. ఏళ్లుగా పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడితే కింద స్ట్రైనర్‌లో ఇరుక్కుంటుంది. ఆయిల్ పైకి ఎక్కకపోతే బేరింగులు మాడిపోతాయి. మాలోనే ఒకరి కారుకు ఇలా చేయించి, వారం తిరగకముందే ఆయిల్ లైటు వెలిగింది. చాంబర్ విప్పితే స్ట్రైనర్ నిండా నల్లటి మడ్డి. ఆదా చేద్దామనుకున్న దానికి నాలుగింతలు ఖర్చయింది. ఆయిల్ సమయానికి మార్చిన బండికి ఆ మందు అవసరం లేదు, మార్చని బండికి అది ప్రమాదం.

శుభ్రం చేసే పని మంచి ఆయిల్‌కే వదిలేద్దాం. అందులో మడ్డిని కడిగే గుణం ఉండనే ఉంది. పుస్తకంలో రాసిన గ్రేడే పోయించి, ముందు రెండుసార్లు 2,000 కిలోమీటర్లకే మార్చి, ఆ తర్వాత 5,000కు ఒకసారి మారుద్దాం. ప్రతిసారీ ఫిల్టర్ కూడా మార్చాలి. కొత్త ఆయిల్ త్వరగా నల్లబడితే కంగారు పడొద్దు, అది పని చేస్తోందన్నమాట. పొగ తగ్గాలని మరీ చిక్కటి ఆయిల్ పోయడం మాత్రం వద్దు. చల్లటి ఇంజిన్‌లో అది పైకి చేరడానికి ఆలస్యమవుతుంది.

దీంతోపాటు ఎయిర్ ఫిల్టర్ మార్చాలి, ఎందుకంటే రింగులను అరగదీసేది దుమ్మే. థ్రాటిల్ బాడీ, పీసీవీ వాల్వు తుడిపించాలి. రేడియేటర్‌లో కుళాయి నీళ్లు మాని కూలెంట్ పోయించాలి. పెట్రోల్ ట్యాంకులో ఇంజెక్టర్ క్లీనర్ ఒకసారి వాడొచ్చు. మన బండిలో పెట్రోల్ వాల్వు మీద పడి లోపలికి వెళ్తుంది కాబట్టి వాల్వు కూడా కొంత శుభ్రపడుతుంది. పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడే కొత్త కార్లకు ఆ లాభం లేదు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత బండి రబ్బరు పైపులను కూడా ఓసారి చూపించడం మంచిది.

మన తప్పు కూడా ఒకటుంది. గుడి నుంచి ఇంటికి, ఇంటి నుంచి బజారుకు రెండేసి కిలోమీటర్లు తిప్పి ఆపేస్తాం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే చెమ్మా, పెట్రోలూ ఆయిల్‌లోనే మిగిలి మడ్డి అవుతాయి. వారానికొకసారి ఛత్రపురం దాకా హైవే మీద నడిపి తెస్తే ఆ చెమ్మ ఆవిరైపోతుంది.

ఒక్క మాట దాచం. అరిగిన ఇనుము ఏ ఆయిల్‌తోనూ తిరిగి పెరగదు. గేజీ రింగులు పోయాయని చెబితే మేమే ముందు నిలబడి విప్పించమంటాం. కానీ కొలవకుండా విప్పడం, కొలవకుండా అమ్మడం రెండూ పిల్లల ఫీజు డబ్బుతో జూదమే.

పదిహేనేళ్లు నిండిన బండికి రిజిస్ట్రేషన్ కొనసాగాలంటే ఫిట్‌నెస్ పరీక్ష ఎలాగూ తప్పదు. ఈలోగానే కంప్రెషన్ కొలిపించి, ఆ మూడు అంకెలనూ వచ్చే మీటింగులో అందరి ముందూ పెడదాం. బండికి ఒక డైరీ పెట్టి, ఆయిల్ ఎప్పుడు మార్చామో, ఎంత తిరిగిందో ఒక్కరి బాధ్యతగా రాయిద్దాం. ఇన్నాళ్లూ అందరి బండి అనుకుని, ఎవరమూ మూత తీసి చూడలేదు. మీ అభిప్రాయం కింద రాయండి. కాదన్నా సరే, కారణం మాత్రం చెప్పండి.