గుడి కొట్టుగదికి ఇంటిపన్ను వేస్తే తప్పేమిటి?

దేవుడి సొమ్ముకు పన్నేమిటన్న మాట పల్లెల్లో ఎవరినోటనైనా వినిపిస్తుంది. భక్తితో అనే మాటే గాని, లెక్క చూసి అనే మాట కాదిది. దేవుడి సొమ్ములోంచి ప్రభుత్వం ఏదో ఒక పేరుతో తీసుకుంటూనే ఉంది. ఎవరి దగ్గర తీసుకుంటోంది, ఎవరిని వదిలేస్తోంది, అందులో ఊరికి చేరేదెంత అన్నవే అడగవలసిన ప్రశ్నలు.

తగవు పాతదే. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండగా 1951లో వచ్చిన దేవాదాయ చట్టం, ఆలయాలు, మఠాలు తమ ఆదాయంలో 5 శాతం వరకు ప్రభుత్వానికి కట్టాలన్నది. ఉడిపి శిరూరు మఠం కోర్టుకెక్కింది. ఇది చేసిన సేవకు తీసుకునే రుసుము కాదు, పన్నే, దాన్ని వేసే అధికారం రాష్ట్రానికి లేదని 1954లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అదే ఏడాది ఒరిస్సా చట్టంలోని ఇలాంటి వసూలును మాత్రం, ఆ డబ్బు విడిగా నిధిలో ఉంచి ధర్మసంస్థల పాలనకే వాడుతున్నందున రుసుమేనని ఒప్పుకుంది. పేరులో ఏముంది అనుకునే వారు ఈ రెండు తీర్పులూ గమనించాలి. డబ్బు ఎక్కడికి పోతుందన్న దాన్నిబట్టే అది పన్నా, రుసుమా అన్నది తేలింది.

ఇప్పుడు ఆంధ్రలోనూ, తెలంగాణలోనూ 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం, ఆదాయం ఉన్న ఆలయాలు పాలన ఖర్చుకు, ఆడిట్ ఫీజుకు, సర్వశ్రేయోనిధికి ఏటా వాటా కడుతున్నాయి. వక్ఫ్ ఆస్తుల నుంచి వక్ఫ్ బోర్డుకు 7 శాతం దాకా వాటా ఉండేది. 2025 సవరణలో దాన్ని 5 శాతానికి తగ్గించారు. చర్చిల ఆస్తులపై ఇలాంటి శాఖా లేదు, వాటా లేదు. మా దగ్గరే ఎందుకని ఆలయాల వారు పడే కినుకలో న్యాయం లేకపోలేదు.

ఆదాయపు పన్ను దగ్గర అన్ని మతాలదీ ఒకే దారి. సంస్థ రిజిస్టరై, ఏడాది రాబడిలో 85 శాతం తన ఆశయానికి ఖర్చు పెట్టి లెక్క చూపితే పన్ను లేదు. పేరు తెలియని విరాళాలపై 30 శాతం పన్ను వేసే నిబంధన కూడా కేవలం మత సంస్థలకు వర్తించదు. హుండీలో రూపాయి వేసిన వాడి పేరు ఎవరు రాసుకుంటారు? ఈ మినహాయింపు సబబే.

చిక్కు వ్యాపారం దగ్గర వస్తుంది. పూజలకు జి.ఎస్.టి. లేదు. రిజిస్టరైన మత సంస్థ భక్తుల ప్రాంగణంలో కల్యాణ మండపాన్ని రోజుకు 10 వేల లోపు, కొట్టుగదిని నెలకు 10 వేల లోపు అద్దెకిస్తే దానికీ లేదు. పల్లెల్లో అంతకు మించి అద్దె పలికే కొట్లు ఎన్ని ఉంటాయి గనుక! అంటే కేంద్రం ఎలాగూ వదిలేసింది. మిగిలింది పంచాయతీ ఇంటిపన్ను ఒక్కటే. పూజాస్థలానికి ఇంటిపన్ను లేకపోవడం సరే. ఎరువుల దుకాణం నడిచే గది పూజాస్థలం ఎలా అవుతుంది? అయినా గుడి గోడకో, మసీదు గోడకో, చర్చి ప్రహరీకో ఆనుకున్న కొట్టుకు నోటీసు ఇవ్వాలంటే బిల్లు కలెక్టరు జంకుతాడు. పక్కనే సొంత బడ్డీ పెట్టుకున్న పేదవాడి దగ్గర మాత్రం బకాయితో సహా రాబడతాడు.

జాతర నాలుగు రోజులూ చూడాలి. కొబ్బరికాయల పాట, తలనీలాల పాట, బండ్ల పార్కింగు పాట, అంతా ఆలయం ఖాతాకే. నీళ్ల ట్యాంకర్లు, బ్లీచింగు పొడి, అదనపు వీధి దీపాలు, తెల్లారి చెత్త ఎత్తే కూలి పంచాయతీ నెత్తిన. భక్తులు వెళ్లిపోయాక బోరు మోటారు కాలిపోతే ఆలయ కమిటీ వారు కనిపించరు.

పెద్ద ఆలయాల మాట చెప్పి చిన్న గుడిని చంపకండి అని అర్చకులు అనడం సహజం. ధూప దీప నైవేద్యానికి ప్రభుత్వ పథకం మీద ఆధారపడిన గుడికి కొట్లే లేవు, పన్ను ప్రశ్నే రాదు. మాన్యం కౌలు మీద కూడా భయం అక్కర్లేదు, సేద్యపు రాబడికి రైతుకే ఆదాయపు పన్ను లేదు. అడిగేదల్లా అద్దె వచ్చే గదికి, పెళ్లిళ్లకు కిరాయికిచ్చే మండపానికి మాత్రమే. అన్నదాన సత్రం, ఉచితంగా చదువు చెప్పే బడి వేరు, వాటి జోలికి పోరాదు.

ఒక మతం వారికి వేసి మరొకరిని వదిలితే ఊళ్లో గొడవ తప్పదు. అందుకని వచ్చే గ్రామసభలో కార్యదర్శి ఊరి గుళ్లు, మసీదు, చర్చిలకు ఉన్న అద్దె గదుల జాబితా ఒకేసారి చదవాలి. గది ఎవరి పేరున ఉంది, అద్దె ఎంత, పన్ను ఎంత అన్నది అందరి ఎదుట పుస్తకంలో ఎక్కాలి. ఆ పన్నులో కొంత జాతర నీళ్లకు, దీపాలకు కేటాయిస్తామని సర్పంచి అక్కడే తీర్మానం రాయిస్తే, కట్టే వారికీ అభ్యంతరం ఉండదు.