కోతకు ముందు బయాప్సీ

గర్భసంచి లోపలి పొరలో కణాలు అవసరానికి మించి పెరగడమే హైపర్‌ప్లేసియా. ప్రొజెస్టరాన్ అదుపు లేకుండా ఈస్ట్రోజెన్ చాలాకాలం పనిచేస్తే ఇది వస్తుంది. ఇది క్యాన్సర్ కాదు. కణాల రూపం మారనప్పుడు 20 ఏళ్లలో క్యాన్సర్‌గా మారేది 5 శాతం లోపే. ప్రొజెస్టరాన్ మాత్రలతోనో హార్మోన్ లూప్‌తోనో ఎక్కువమందికి తగ్గిపోతుంది. రూపం మారిన ‘ఎటిపికల్’ రకంలో ముప్పు 30 శాతానికి చేరువ. పిల్లలు చాలనుకున్నవారికి అప్పుడు గర్భసంచి తీసే ఆపరేషనే సరైన వైద్యం. ఈ తేడాను స్కానింగ్ చెప్పలేదు, ఆ పొర నమూనా తీసి పరీక్షించే బయాప్సీయే చెప్పాలి.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అప్పుడు మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు. చిన్న వయసులో గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేస్తే ఎముకలు గుల్లబారతాయి. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు ముందే దెబ్బతిన్న ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతంలో, కూలి పనిమీద బతికే మహిళకు ఇది మోయలేని నష్టం. మార్కాపురం, గిద్దలూరు ఆసుపత్రుల్లో నమూనా తీసి, పరీక్షకు ఒంగోలు పంపి, ఫలితం చూశాకే కోతపై నిర్ణయం జరగాలి. నెలసరి ఆగి ఏడాది దాటాక రక్తం కనిపిస్తే మాత్రం ఆ పరీక్షకు ఆలస్యం తగదు.