తటస్థత అంటే మౌనం కాదు

ఎక్కడో యుద్ధం జరిగితే నల్లచెరువు రైతుకేమిటని అనుకోడానికి వీలులేదు. 2022లో రష్యా ఉక్రెయిన్‌పై దాడికి దిగగానే ఇక్కడి అంగళ్లలో పొద్దుతిరుగుడు నూనె ధర మండిపోయింది; ఎరువుల దిగుమతి భారమైంది. శాంతి పల్లెలకూ అవసరమే.

ఆ ఏడాది సెప్టెంబరులో సమర్‌ఖండ్‌లో, ఇది యుద్ధాల కాలం కాదని ప్రధాని మోదీ పుతిన్ ఎదుటే చెప్పడం హర్షణీయం. అయితే హితవు చెప్పి ఊరుకుంటే చాలదు.

కొరియా యుద్ధంలో భారత్ అంతటితో ఆగలేదు. యుద్ధ ఖైదీల సమస్యపై సంధి చర్చలు నిలిచిపోగా, 1952లో ఐక్యరాజ్యసమితిలో కృష్ణ మీనన్ రాజీ సూత్రం ప్రతిపాదించారు. రష్యా, చైనాలు మొదట కాదన్నాయి. 1953 జూలై 27న యుద్ధ విరమణ కుదిరాక, స్వదేశానికి పోమన్న 22 వేలకు పైగా ఖైదీల కాపలా బాధ్యతను భారత సైనికులే స్వీకరించారు. తటస్థ దేశాల కమిషన్‌కు జనరల్ తిమ్మయ్య అధ్యక్షత వహించారు. ఇరుపక్షాల నిందలూ పడవలసి వచ్చింది.

ఊళ్లో తగాదా వచ్చినప్పుడు గట్టున నిలబడి వద్దు వద్దనే వారి మాట ఎవరూ వినరు. మధ్యకు వచ్చి, పూచీ పడి, ఇరువైపులా మాటపడే పెద్దమనిషి మాటే చెల్లుతుంది. ఉభయ పక్షాలతోనూ మాట్లాడగల భారత్ ఆ పూచీకి సిద్ధపడాలి. తటస్థతకు విలువ అప్పుడే.